చిత్రాలకు సంగీతం: ఏ చిత్రాలకు?

ప్రశ్న: "రోత్కో చిత్రాలకు సంగీతం అందించిన అమెరికన్ వాగ్గేయకారుడు ఫెల్డ్‌మన్" అని ఒక వ్యాసంలో చదివాను. రోత్కో అంటే ఎవరో సినిమా దర్శకుడనుకున్నాను. తీరా చూస్తే చిత్రకారుడట! ఈ వాక్యం సరైనదేనా? వాగ్గేయకారుడు అనవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మిమ్మల్ని ఆ వాక్యమే తప్పుదోవ పట్టించింది. వ్యాకరణపరంగా దానిలో దోషం లేదు. కానీ "చలనచిత్రం"లో "చలన" జారిపోయి చాలా కాలమైంది. చిత్ర పరిశ్రమ, చిత్ర బృందం అంటే సినిమావే. పక్కన "కారుడు" చేరితేనే చిత్రం మళ్లీ బొమ్మవుతుంది. "చిత్రప్రదర్శన" అని గుమ్మం మీద రాసి ఉంటే లోపల తెర ఉందో, గోడకు పటాలున్నాయో వెళ్లి చూస్తే గాని తెలియదు. పైగా "సంగీతం అందించిన" అన్నది సినిమా టైటిల్స్‌లో నలిగిన మాట. రెండూ కలిస్తే ఎవరైనా మీలాగే అనుకుంటారు.

విశేషమేమిటంటే మోర్టన్ ఫెల్డ్‌మన్ (1926–87) నిజంగానే సినిమాకూ సంగీతం కూర్చాడు. చిత్రకారుడు జాక్సన్ పొలాక్ మీద 1951లో వచ్చిన డాక్యుమెంటరీకి, రెండు చెల్లోల (వయోలిన్ కుటుంబంలోని పెద్ద తంత్రీవాద్యాలు) కోసం. అక్కడ "పొలాక్ చిత్రానికి సంగీతం" అంటే అక్షరాలా ఒప్పు.

రోత్కో సంగతి వేరు. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఒక ప్రార్థనామందిరం కోసం మార్క్ రోత్కో నలుపు, ముదురు ఊదా రంగుల్లో 14 పెద్ద వర్ణచిత్రాలు గీశాడు. 1970లో చనిపోయాడు. మందిరం 1971లో తెరిచారు. ఆయన మిత్రుడైన ఫెల్డ్‌మన్ ఆ చోటు కోసం రాసిన "రోత్కో చాపెల్"ను 1972లో అక్కడే మొదటిసారి వినిపించారు. కోరస్, వయోలా (వయోలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం), సెలెస్టా (గంటల్లా మోగే కీబోర్డు వాద్యం), తాళవాద్యాలు అన్నీ చాలా మెల్లగా, మధ్య మధ్య ఆగుతూ సాగుతాయి. "చిత్రాలకు" అనగానే సంగీతం ఆ బొమ్మలకు అనుబంధమైపోతుంది. ఇది బొమ్మలు ఎదురుగా లేకున్నా వినదగ్గ స్వతంత్ర రచన. కాబట్టి "రోత్కో వర్ణచిత్రాల ప్రేరణతో స్వరరచన చేసిన" అంటే చిక్కు ఉండదు. "బాణీ కట్టిన" కూడా ఇక్కడ పనికిరాదు. బాణీ అంటే మాటలున్న పాటకు కట్టేది.

వాగ్గేయకారుడు అన్న మాట దగ్గర మాత్రం నేను గట్టిగా అభ్యంతరం చెబుతాను. మాతువు అంటే మాట, ధాతువు అంటే స్వరం. రెండూ తానే కూర్చినవాడే వాగ్గేయకారుడని శార్‌ఙ్గదేవుడు 13వ శతాబ్దంలోనే తన సంగీతశాస్త్ర గ్రంథం సంగీతరత్నాకరంలో చెప్పాడు. త్యాగయ్యకూ అన్నమయ్యకూ ఆ పేరు అందుకే చెల్లింది. "రోత్కో చాపెల్"లో కోరస్ పాడుతుంది గాని ఒక్క మాటా పలకదు. వాక్కే లేని చోట వాగ్గేయం ఎక్కడిది? "సంగీత దర్శకుడు" అంటే మళ్లీ సినిమాకే వెళ్తాం. "స్వరకర్త" అనండి, చాలు.