సంతకం పెట్టే ముందు ఇది చదువు

చిట్టితల్లీ,

ఉద్యోగం మానేసి గానుగ నూనె వ్యాపారం పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. దాన్ని సముదాయించానుగానీ ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది.

ఫుడ్ లైసెన్సు తీసుకో, జీఎస్టీ చూసుకో, సీసాలు ఎండ తగలనిచోట పెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే. నన్ను కంగారు పెట్టింది వేరే మాట. ఎవరో డిస్ట్రిబ్యూటర్ మొదటి నెలే 200 కేసుల (పెట్టెల) నూనె ఎత్తుతానన్నాడట, నువ్వేమో సంబరపడిపోతున్నావట.

నేను తెనాలిలో కొట్టుకొట్టూ తిరిగి సబ్బులు అమ్మే రోజుల్లో, మార్చి వచ్చిందంటే మా కంపెనీవాళ్లు టార్గెట్ కోసం స్టాకిస్టుల గోడౌన్లు నింపేసేవారు. పది కేసులకి ఒకటి ఫ్రీ, పైగా అరువు, ఇంకేం, కాగితం మీద అమ్మకాలు భలే కనిపించేవి. కొట్లో మాత్రం సరుకు కదిలేది కాదు. ఒక ముసలి షావుకారు నన్ను వెనకగదిలోకి తీసుకెళ్లి చూపించాడు, చెమ్మకి అట్టపెట్టెలు మెత్తబడిపోయి, రేపర్ల రంగు సబ్బులకి అంటుకుపోయింది. "మీరు నాకు అమ్మేశారు బాబూ, నేనెవరికి అమ్ముకోవాలి?" అన్నాడు. ఆ తర్వాత అన్నీ రిటర్నులు, బాకీలు, తగాదాలు. మంచి సబ్బేనమ్మా అది. అయినా రెండేళ్లకల్లా దాని పేరెత్తితే కొట్టువాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు.

తయారైన సరుకుని ఎలాగోలా అంటగట్టడాన్నే సెల్లింగ్ కాన్సెప్ట్ అంటారు. మార్కెటింగ్ మొదలవ్వాల్సింది కొనేవాళ్ల వంటింట్లో, వాళ్లకేం కావాలో తెలుసుకోవడంతో. షాంపూ సంగతే చూడు. సీసా కొనలేనివాళ్లు కుంకుడుకాయలతోనే సరిపెట్టుకునేవాళ్లు. కడలూరుకి చెందిన సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టి, ఒక్క తలస్నానానికి సరిపడా ప్యాకెట్ పల్లెపల్లెకీ చేర్చాడు. ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఉచితంగా ఇప్పించాడు.

గానుగలో నూనె తక్కువ దిగుతుంది, అందుకే ఖరీదెక్కువ. మరి రుచే తెలియని ఇల్లాలు లీటరు సీసాకి అంత డబ్బు ఎందుకు పెడుతుంది? పావు లీటరు సీసాలు కూడా పెట్టు. ముప్పై ఇళ్లకి నువ్వే వెళ్లి అమ్ము, అయిపోయాక వాళ్లంతట వాళ్లు మళ్లీ అడిగారా లేదా ఓ పుస్తకంలో రాసుకో. రెండోసారి కొన్నదే నాకు లెక్క. తాలింపు ఘుమఘుమలాడిందని ఎవరైనా అంటే ఆ మాటే లేబుల్ మీద వెయ్యి. గుండెజబ్బు నయమవుతుందని మాత్రం చచ్చినా రాయకు, ఏ తల్లో అది నమ్మి మందులు మానేస్తే?

ఎవరైనా కాస్త మెచ్చుకుంటే చాలు, కాదనలేవు నువ్వు. చిన్నప్పట్నుంచీ అంతే, నా భయమంతా దానికే. ఆ పెద్దమనిషికి 20 కేసులే ఇవ్వు, అవి కొట్లలోంచి జనం కొనుక్కెళ్లాకే తర్వాతవి పంపు. సంతకం పెట్టే ముందు నాకో ఫోన్ కొట్టు, ఎంత రాత్రయినా పర్లేదు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాలే.

మావయ్య