పదమూడేళ్లకి ఫుటీ మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మెల్‌బోర్న్ వచ్చి ఏడాదైంది, అబ్బాయికి పదమూడేళ్లు, బడిలో చూసి ఫుటీలో, అంటే కోడిగుడ్డులాంటి బంతితో ఆడే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో, చేరతానంటున్నాడు. ఇక్కడి పిల్లలు ఐదారేళ్లకే మొదలుపెడతారు కదా, ఇంత ఆలస్యంగా చేరి ప్రొఫెషనల్ అయినవాళ్లు ఉన్నారా అని.

ఉన్నారండీ. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఫుటీ ఆడనివాడు ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద వ్యక్తిగత పతకం గెలిచాడు. పేరు జిమ్ స్టైన్స్. ఆయన సంగతి నాకెలా తెలిసిందో ముందు చెప్తాను. అందులో నా తలవంపు కూడా ఉంది.

మూడేళ్ల కిందట, జూలైలో ఒక ఆదివారం పొద్దున. గడ్డి మీదంతా మంచు. నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని బౌండరీ దగ్గర నిలబడ్డాను. మావాడు అప్పటికి ఆరో మ్యాచో ఏడో మ్యాచో ఆడుతున్నాడు. ఇంకో నిమిషం ఉందనగా మావాళ్లు రెండు పాయింట్ల ముందున్నారు. అవతలి జట్టు పిల్లాడు బంతిని గాల్లోనే పట్టేశాడు, అంటే మార్క్. ఇక వాడు తీరిగ్గా తన్నుకోవచ్చు. వాడికీ, ఎదురుగా నిలబడ్డ మా కుర్రాడికీ మధ్యలోంచి ఎవరూ వెళ్లకూడదు. ఈ రూలు అప్పటికి నాకు తెలియదు. తెలియకపోతే నోరు మూసుకోవాలి కదా? "ఉరుకురా, ఆగావేంటి, ఉరుకు!" అని తెలుగులో గొంతు చించుకున్నాను. మావాడు నా మాట విన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి. సరిగ్గా ఆ ఇద్దరి మధ్యలోంచే ఉరికాడు. విజిల్ పడింది. బంతిని గోల్ వైపు జరిపారు. ఆ పిల్లాడు గోల్ కొట్టాడు, మావాళ్లు ఓడిపోయారు.

మావాడు ఏడుస్తూ వచ్చి కారెక్కి కూర్చున్నాడు. నేను ఎవరి మొహం చూడలేక సాసేజ్‌లు కాల్చే బల్ల వైపు నడిచాను. అక్కడ ఎరుపు, నీలం మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన ఉల్లిపాయలు వేయిస్తున్నాడు. జరిగింది ఆయనా చూశాడు. బ్రెడ్డులో సాసేజ్ పెట్టి ఇస్తూ, 1987లో జిమ్ స్టైన్స్ కూడా అచ్చం ఇదే పని చేశాడు, కాకపోతే డెబ్బై వేల మంది ముందు, అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

స్టైన్స్‌ది ఐర్లండ్, డబ్లిన్. అక్కడి గేలిక్ ఫుట్‌బాల్‌లో బంతి గుండ్రంగా ఉంటుంది, జట్టుకి పదిహేను మంది. 1984లో కుర్రాళ్ల విభాగంలో ఆల్ ఐర్లండ్ టైటిల్ గెలిచిన డబ్లిన్ జట్టులో ఆయన ఉన్నాడు. అప్పట్లో మెల్‌బోర్న్ క్లబ్ కోచ్ రాన్ బరాసీ. గేలిక్ ఆడే పొడుగు కుర్రాళ్లని తెచ్చి ఫుటీ నేర్పుదామని ఆ క్లబ్ ఐర్లండ్‌లో ప్రకటన ఇచ్చింది. అది చూసి స్టైన్స్ అదే ఏడాది చివర్లో విమానం ఎక్కాడు. వచ్చీ రాగానే హీరో అయ్యాడనుకోకండి. 1985 అంతా అండర్ 19లో. 1986లో కింది పోటీలో ఆడే ప్రహ్రాన్ జట్టుకి పంపారు. పెద్ద జట్టులో మొదటి మ్యాచ్ 1987లో.

ఆ ఏడాదే మెల్‌బోర్న్ ఫైనల్స్ దశకి చేరింది, 1964 తర్వాత మళ్లీ అప్పుడే. వేవర్లీ పార్క్‌లో హాథార్న్‌తో ప్రిలిమినరీ ఫైనల్, గెలిస్తే గ్రాండ్ ఫైనల్. చివరి క్షణాల్లో మెల్‌బోర్న్‌కి నాలుగు పాయింట్ల ఆధిక్యం. హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారా చేతిలో బంతి ఉంది కానీ గోల్ దూరం. స్టైన్స్ తను కాపు కాయాల్సిన ఆటగాడి వెంట ఉరుకుతూ, బకెనారాకీ ఎదురుగా నిలబడ్డవాడికీ మధ్యలోంచి అడ్డంగా వెళ్లాడు. అప్పట్లో దానికి శిక్షగా బంతిని గోల్ వైపు 15 మీటర్లు జరిపేవారు. సైరన్ మోగాక బకెనారా తన్నిన బంతి నేరుగా మధ్య కంబాల నడుమ పడింది. ఆరు పాయింట్లు. రెండు పాయింట్ల తేడాతో సీజన్ ముగిసింది.

ఆ రాత్రి యూట్యూబులో మావాడికి అది చూపించాను. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. "నాన్నా, ఈయన్ని కూడా వాళ్ల నాన్నే ఉరకమన్నాడా?" అని అడిగాడు. మా ఆవిడ నవ్వు ఇప్పటికీ ఆగలేదు.

నాలుగేళ్లు తిరిగేసరికి, 1991లో, ఆ స్టైన్స్‌కే బ్రౌన్‌లో మెడల్, మొదట్లో చెప్పిన ఆ పెద్ద పతకం, వచ్చింది. దానికి ఓట్లు వేసేది అంపైర్లు, అది గమనించండి. 1998 దాకా వరసగా 244 మ్యాచ్‌లు, ఒక్కటి కూడా మానకుండా ఆడాడు. నన్నడిగితే ఆ 244 మ్యాచ్‌లూ ఆ 15 మీటర్లకి కట్టిన వడ్డీ. రుజువు చూపించమంటే చూపించలేను, కానీ నాకు అనుమానం లేదు.

ఇప్పుడు మనవాళ్ల గోల. మా వాట్సాప్ గ్రూపులో ఫుటీ మాట ఎత్తితే చాలు, "అది రగ్బీయే కదండీ, దెబ్బలు తగులుతాయి", "సెలెక్టివ్ స్కూల్ పరీక్షకి కోచింగ్ ఎక్కడ?" తప్ప ఇంకో మాట రాదు. లేదంటే క్రికెట్ అకాడమీ. ఎండాకాలం శనివారాలన్నీ పార్కుల్లో పిల్లల కంటే నాన్నలే ఎక్కువ టెన్షన్ పడుతూ కనిపిస్తారు. నా లెక్కలో క్రికెట్ ఆడిన పిల్లాడి కంటే కబడ్డీ ఆడినవాడు ఫుటీ తొందరగా అందుకుంటాడు, పట్టు పట్టడం వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. వాలీబాల్ ఇంకా మేలు. స్టైన్స్ 199 సెంటీమీటర్ల రక్‌మన్, అంపైర్ పైకి లేపిన బంతి కోసం ఎగిరి తనవాళ్ల చేతికి అందించడం ఆయన పని. తెనాలి దగ్గర మా ఊరి బడిలో నేను ఆరేళ్లు చేసింది దాదాపు అదే. నన్ను ఎవరూ విమానం ఎక్కించలేదు, అది వేరే సంగతి.

మీ అబ్బాయికి పదమూడే, స్టైన్స్ కంటే ఐదేళ్లు ముందున్నాడు. బూట్లు కొత్తవి కొనకండి, ఆరు నెలల్లో పాదం పెరిగిపోతుంది. క్లబ్బులో పాతవి ఉంటాయేమో అడగండి. బంతి ఒకటి కొనిచ్చి పెరట్లో తన్నుకోనివ్వండి, పక్కింటి కిటికీ వైపు కాకుండా. మొదటి ఏడాది బౌండరీ దగ్గర నోరెత్తకండి, ఇది మాత్రం అనుభవంతో చెప్తున్నా.

మావాడు ఇంకా ఆడుతున్నాడు. అవతలివాడు మార్క్ పట్టాడంటే చాలు, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు అంత దూరం నుంచి చుట్టి వెళ్తాడు. అంత దూరం అక్కర్లేదని వాళ్ల కోచ్ ప్రతి వారం చెప్తూనే ఉంటాడు.