చైనాలో పుట్టినరోజుకు గడియారం కొన్న తెలివి నాది

చైనాలో పుట్టినరోజులు ఎలా చేసుకుంటారు, వాటి వెనుక నమ్మకాలేమిటి అని అడిగారు. అక్కడి సుజౌ నగరంలో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. నాకు తెలిసిన కాస్తా ఒక పొరపాటు పుణ్యమే.

ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆవిడ వాళ్ల తాతగారి ఎనభయ్యో పుట్టినరోజు విందుకు పిలిచింది. మన గృహప్రవేశాలకు పట్టుకెళ్లినట్టే ఒక గోడగడియారం కొని, రంగు కాగితం చుట్టించాను. పొట్లంలో ఏముందో చెప్పగానే ఆవిడ ముఖం మాడిపోయింది. గడియారం బహూకరించడాన్ని చైనీస్‌లో 'సోంగ్ జోంగ్' అంటారు. పోయే ప్రాణం పక్కన ఉండి పెద్దవారిని సాగనంపడాన్నీ అచ్చం అలాగే పలుకుతారు! దారిలో ఆగి పళ్లబుట్ట కొంటుంటే బేరిపళ్లు తీసేయించింది. ఆ పేరు వింటే ఎడబాటు గుర్తొస్తుందట.

తీరా వెళ్తే తాతగారికి నిండింది డెబ్బై తొమ్మిదే. చాలాచోట్ల పెద్దల పదుల పుట్టినరోజును ఏడాది ముందే జరుపుతారు. తొమ్మిదిని 'జియు' అంటారు, చిరకాలం అనే మాటకూ అదే పలుకు. పైగా పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు వచ్చినట్టే.

ముందుగా ఆయనకు గిన్నెడు నూడుల్స్ వడ్డించారు. పోగు ఎంత పొడవైతే ఆయుష్షు అంత, అందుకని మధ్యలో తెంచకూడదు. ఆయన పన్ను తగలనీయకుండా పోగును మెల్లగా లోపలికి లాక్కుంటుంటే బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. నేను మాత్రం రెండో ముద్దకే కొరికేశాను. మునిమనవడు చూశాడు కానీ చాడీ చెప్పలేదు. తర్వాత పీచ్ పండు ఆకారంలో, కొసన గులాబీ రంగు అద్దిన ఆవిరి బన్నులు వచ్చాయి. పశ్చిమ దేవత షీ వాంగ్‌ము తోటలో పీచ్ పళ్లు తిన్నవారికి చావుండదని వాళ్ల పురాణం.

నాకు బాగా నచ్చింది మరొకటి. డెబ్బై మూడు, ఎనభై నాలుగు గండాలట, ఎందుకంటే వాళ్ల ప్రాచీన తత్వవేత్తలు కన్ఫ్యూషియస్, మెన్షియస్ పోయింది ఆ వయసుల్లోనే. ఆ ఏళ్లలో యన్‌వాంగ్ పిలవకపోయినా మనిషే వెళ్లిపోతాడని సామెత. ఈ యన్‌వాంగ్ ఎవరో కాదు, బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన మన యముడే.

మీరు వెళ్లేది విందుకైతే ఎర్ర కవరులో డబ్బు పెట్టండి. నాలుగు అంకె మాత్రం రానీయకండి, దాని పలుకు చావుకు దగ్గర.