ఆసు కూలి, తూకం కోత: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా వాడల పద్నాలుగు మందిమి ఇంటి కాడనే ఆసు పోస్తం (చీరకు రంగులద్దే ముందు నూలు పోగును మేకుల చుట్టూ వరసగ తిప్పుడు). చీరకింత అని, నూలిచ్చి పని చేయించుకునే సేటు ఇచ్చేది మూడేండ్ల సంది ఒక్క తీర్గనే ఉన్నది. పెంచుమంటే 'మిషిన్ వచ్చినంక పని అల్కగైంది, నచ్చకుంటే పుట్టపాకల పోయించుకుంట' అంటడు. ఎట్ల అడగాలె? (గట్టుప్పల్, నల్లగొండ జిల్లా)

జవాబు: అడిగే ముందు గంటలు లెక్కపెట్టండి. చేత్తో పోస్తే ఒక చీర ఆసుకు మేకుల చుట్టూ చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. 1999లో చింతకింది మల్లేశం తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం దాన్ని గంటన్నరకు తెచ్చింది. భుజాల నొప్పీ తగ్గింది. సేటు పట్టుకునేది ఆ గంటన్నరనే. చిలపలు (నూలు చుట్టలు) విప్పడం, తెగిన పోగు వెతికి ముడెయ్యడం, పోసిన ఆసు చెదరకుండా దించి కట్టడం, సరుకు తెచ్చి ఇచ్చి రావడం ఆయన లెక్కలో ఉండవు. యంత్రం ఎవరు కొన్నారు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు అన్నదీ ఉండదు.

వారం రోజులు ముగ్గురు నోటుపుస్తకంలో మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాయండి. ఒకరు చురుకైనవారు, ఒకరు మధ్యరకం, ఒకరు పెద్దవయసువారు. అందరికన్నా వేగంగా పోసే ఆమెను చూపించి రేటు కట్టడం సేట్లకు అలవాటే కాబట్టి, మధ్యామె లెక్కనే ముందు పెట్టండి. లెక్క కోసం, యంత్రంతో అన్నీ కలిపి చీరకు మూడు గంటలు పట్టిందనీ, ఎనిమిది గంటల కూలి 480 రూపాయలనీ అనుకుందాం. గంటకు 60, చీరకు 180. దానిపైన కరెంటు, యంత్రం అరుగుదల విడిగా చూపాలి. అన్నీ కలిపి ఒకే అంకె చెబితే బేరంలో ముందు కోత పడేది మీ కూలికే. రోజుకూలి అంకె కోసం కార్మిక శాఖ ఆఫీసులో కనీస వేతనాల పట్టిక అడగండి. అందులోని కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. 'మీరు నా కూలీలే కాదు' అని సేటు వాదించవచ్చు. వాదించనివ్వండి, అంకె బేరానికి పనికొస్తుంది.

ఇక పుట్టపాక బెదిరింపు. పద్నాలుగు మందే అడిగితే అది నిజమైపోతుంది. అక్కడ ఆసు పోసేవాళ్లతో ముందు మాట్లాడి రెండు ఊళ్లలో ఒకే రేటు అనుకున్నాకే సేటు గుమ్మం ఎక్కండి. కండెలు (నూలు గొట్టాలు) చుట్టేవాళ్లు, చిటికి కట్టేవాళ్లు (రంగు అంటకూడని చోట పోగుకు కట్లు వేసేవాళ్లు) మద్దతు ఇవ్వొచ్చు గానీ వాళ్ల రేట్లు ఈ చర్చలో కలపొద్దు, మాట చెదిరిపోతుంది. ఆసు లేనిదే చిటికి లేదు, రంగు లేదు, మగ్గం ఎక్కేది లేదు. మీ బలమంతా అదే. శ్రావణం, దసరా ఆర్డర్లు వచ్చి నూలు ఇంకా ఆసుకు ఎక్కని రోజుల్లో అడగాలి. రంగు అద్దకం మొదలయ్యాక అడిగితే ఆ సీజనుకు మీతో ఆయనకు పనుండదు.

సేటు దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లను మాట్లాడటానికి ముందుకు తొయ్యొద్దు. బాకీ గుర్తుచేస్తే ఆ ఇంటి నోరు మూతపడుతుంది. డ్వాక్రా గ్రూపునే ఈ పనికి వాడుకోవడమూ మంచిది కాదు. అది అప్పుల కోసం ఉన్న గ్రూపు, అందులో సేటు ఇంటివాళ్లూ ఉండొచ్చు. కార్మిక సంఘంగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలంటే కనీసం ఏడుగురు కావాలి. మీరు అంతకు రెట్టింపు ఉన్నారు.

ప్రశ్న: పట్టు నూలు తిరిగిచ్చేటప్పుడు ప్రతిసారీ 'తక్కువొచ్చింది' అని కోస్తున్నరు. మేమైతే పోగు కూడా పారెయ్యం.

జవాబు: దొంగతనం లేకుండానే పట్టు తూకం తగ్గుతుంది. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వ్యాపారంలో ఒప్పుకునే తేమ ప్రమాణమే పట్టుకు 11 శాతం, పత్తికి 8.5. ముసురు రోజు తీసుకుని ఎండ కాసిన రోజు తిరిగిస్తే కిలోకు కొన్ని పదుల గ్రాములు పోవచ్చు. పోగు మీద సహజంగా ఉండే జిగురు తియ్యని పట్టు తూచి ఇచ్చి, ఉడికించాక తూచి తీసుకుంటే నాలుగో వంతు దాకా పోతుంది. అది ఎవరి తప్పూ కాదు.

కాబట్టి నూలు తీసుకునేటప్పుడే 100 గ్రాముల చిలప ఒకటి విడిగా తూయించి, మీ దగ్గరే పని చెయ్యకుండా వేలాడదీయండి. అప్పగించే రోజు అదే కాటా మీద దాన్నీ తూయమనండి. అది 98కి దిగితే మీ సరుకులోనూ నూటికి రెండు గ్రాములు వాతావరణం ఖాతాలోకే పోవాలి. తెగిన పోగులను, తుక్కును ఒక కవర్లో వేసి సరుకుతోపాటే తూయించండి. తేదీ, తూకం, రేటు, కోత, కోతకు కారణం కార్బన్ పేపరు పెట్టి రెండు కాపీలు రాయించుకోండి. సంతకం పెట్టనంటే అక్కడే ఫోనుతో కాటా అంకె ఫొటో తీయండి.

ప్రశ్న: అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు తీసుకుంటే కూలి పెరుగుతుందా?

జవాబు: పెరగదు. అయినా తీసుకోండి, మీరు కార్మికులని చూపే కాగితం అది. వయసు 16 నుంచి 59 మధ్య ఉండాలి, పీఎఫ్, ఈఎస్‌ఐలో సభ్యులై ఉండకూడదు, ఆదాయపు పన్ను కడుతుండకూడదు. ఆధార్, దానికి లింకైన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. వృత్తి అడిగినప్పుడు 'గృహిణి' అని రాయించుకోకండి. చేనేత శాఖ ఆఫీసులోనూ ఇదే చూసుకోవాలి: నేత పని భర్త పేరున ఉంటే ఆసు, కండెల పని మీ పేరున అనుబంధ కార్మికురాలిగా విడిగా నమోదైందో లేదో అడగండి.