నర్సింగ్ చదువుతానంటున్న అమ్మాయికి డిప్లొమానా, డిగ్రీనా?

ప్రశ్న: మా అమ్మాయి స్కూలు చదువు చివరి ఏడాదిలో ఉంది. సైన్సులో మంచి మార్కులు వస్తాయి. నర్సింగే చదువుతానని పట్టుబట్టింది. "ఇన్ని మార్కులు తెచ్చుకుని డాక్టర్ల కింద పనిచేయడమేంటి?" అని మావారి బాధ. డిప్లొమాలో చేర్చాలో డిగ్రీలో చేర్చాలో నాకు తెలియడం లేదు. పైగా తనకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీవారి మాటతోనే మొదలుపెడతాను. ఆ అనుమానం చాలా ఇళ్లలో ఉంది. ఆపరేషన్ అయి పడుకున్న పేషెంట్ దగ్గర డాక్టర్ ఉండేది రోజులో కొన్ని నిమిషాలు. మిగతా గంటలన్నీ కనిపెట్టుకుని ఉండేది నర్సు. కనిపెట్టుకుని ఉండటం అన్న మాటలోనే చూసుకోవడమూ, పసిగట్టడమూ రెండూ ఉన్నాయి. ఈ వృత్తి గురించి ఇంతకన్నా సరైన మాట నాకు తెలియదు.

ఊపిరి లెక్కపెట్టడమే తీసుకోండి. "మీ ఊపిరి లెక్కపెడుతున్నాను" అంటే పేషెంట్ ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే అనుభవమున్న నర్సు పల్స్ చూడటం అయిపోయినా మణికట్టు వదలదు. చూపు మాత్రం ఛాతీ మీద పెట్టి, నిమిషం పాటు నిశ్శబ్దంగా లెక్కపెడుతుంది. పెద్దవాళ్లకు విశ్రాంతిలో 12 నుంచి 20 మధ్య ఉండాలి. సాయంత్రం 16 ఉన్నది రాత్రి 26 అయిందంటే, బీపీ ఇంకా మామూలుగానే ఉన్నా లోపల ఏదో చెడుతోందని అర్థం. అర్ధరాత్రి డాక్టర్‌ని పిలవాలా వద్దా అన్నది ఆ నిమిషంలో నర్సు తీసుకునే నిర్ణయం. మంచం దిగలేని వాళ్లకు మడమ మీద ఎర్రబడితే వేలితో నొక్కి వదులుతారు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా ఎరుపు చెదరకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి వేడిని, గట్టిదనాన్ని చేత్తో తడిమి పోల్చుకోవడం నేర్పుతారు. మంచి మార్కులు తెచ్చుకునే బుర్రకు ఇక్కడ పని లేదని ఎలా అంటాం?

పరువు గురించిన టెన్షన్ కూడా కొత్తది కాదు. ఇంగ్లండ్‌లో బాగా ఉన్న కుటుంబంలో పుట్టిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆసుపత్రి పని నేర్చుకుంటానంటే ఇంట్లో ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి 1851లో జర్మనీలోని కైసర్స్‌వర్త్‌కి వెళ్లి నేర్చుకుంది. ఫ్లీడ్నర్ దంపతులు 1836లో అక్కడ మొదలుపెట్టిన సంస్థ అది. 1854లో 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధానికి వెళ్లింది. అక్కడ సైనికులు గాయాలకన్నా ఎక్కువగా కలరా, టైఫస్, విరేచనాలతో చనిపోయారు. మరుసటి ఏడాది మురుగు కాల్వలు శుభ్రం చేసి, గాలి ఆడేలా చేశాక చావులు బాగా తగ్గాయి. దీపం పట్టుకున్న బొమ్మే అందరికీ గుర్తుంటుంది. ఆ చావుల లెక్కలను చిత్రపటాలుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టిన నైటింగేల్‌ని మీ అమ్మాయికి చూపించండి. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి మహిళ ఆవిడే. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆవిడ పేరిట శిక్షణ పాఠశాల మొదలైంది.

ఆ తర్వాత కూడా చాలాకాలం ఎవరైనా నర్సునని చెప్పుకోగలిగేవారు. దేశమంతటికీ వర్తించేలా నర్సుల రిజిస్ట్రేషన్‌కి ప్రత్యేక చట్టం మొదట తెచ్చింది న్యూజిలాండ్, 1901లో. మరుసటి ఏడాది ఎలెన్ డౌగర్టీ పేరు ఆ జాబితాలో మొదటగా ఎక్కింది. మీ అమ్మాయి ఏ కోర్సులో చేరినా చివరికి కావలసింది ఆ రిజిస్ట్రేషనే. కాబట్టి కాలేజీ భవనం చూసి మురిసిపోకముందే, ఆ కోర్సు చేసినవాళ్లకు మీ దేశపు నర్సింగ్ కౌన్సిల్ లైసెన్స్ ఇస్తుందో లేదో కనుక్కోండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ లేదని తెలిస్తే పోయిన ఏళ్లు తిరిగి రావు.

ఇక డిప్లొమానా, డిగ్రీనా? దేశాన్ని బట్టి మారినా, డిప్లొమా సాధారణంగా రెండు మూడేళ్లు, డిగ్రీ మూడు నాలుగేళ్లు. స్తోమత ఉంటే డిగ్రీయే చేయించమంటాను. తొమ్మిది యూరప్ దేశాల్లో 4 లక్షలకు పైగా శస్త్రచికిత్స పేషెంట్ల రికార్డులు పరిశీలించిన అధ్యయనం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట, నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. అదొక్కటే కారణమని చెప్పలేం కానీ, పట్టించుకోవలసిన విషయమే. రెండో కారణం ముందు దారులు. పాఠాలు చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా, నర్స్ ప్రాక్టీషనర్ కావాలన్నా సాధారణంగా డిగ్రీ మీదే పీజీ చేయాలి. నర్స్ ప్రాక్టీషనర్ అంటే పరీక్షించి, చాలాచోట్ల మందులు కూడా రాయగల నర్సు. ఈ శిక్షణను 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ మొదలుపెట్టారు.

డబ్బు ఇబ్బందిగా ఉంటే డిప్లొమాకి వెనకాడకండి. ఉద్యోగం చేస్తూ బ్రిడ్జ్ కోర్సుతో డిగ్రీ పూర్తిచేసే వీలు చాలా దేశాల్లో ఉంది. ఆ వీలు ఉందో లేదో మాత్రం చేరకముందే అడగండి.

రెండింటిలోనూ వార్డులో గడిపే గంటలు ఎన్నో చూడండి. యూరోపియన్ యూనియన్‌లో జనరల్ నర్సు శిక్షణకు కనీసం 4,600 గంటలు ఉండాలి, అందులో సగమైనా పేషెంట్ల మధ్య గడవాలి. బొమ్మకి ఇంజెక్షన్ చేయడం మంచిదే, కానీ నొప్పితో మూలుగుతున్న మనిషి పక్కన నిలబడటం దానివల్ల రాదు. వేరే దేశానికి వెళ్లే ఆలోచన ఉంటే లైసెన్స్ దానంతటదే చెల్లదు. అమెరికాలో లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షలాగా ఎక్కడికక్కడ షరతులు ఉంటాయి.

కళ్లు తిరగడం గురించి మరీ భయపడకండి. చూడగా చూడగా చాలామందికి అది తగ్గుతుంది. రాత్రి డ్యూటీలు, నడుం నొప్పి, ఒక్కోసారి కాపాడలేకపోయిన మనిషి ముఖం గుర్తుకొచ్చి నిద్రపట్టకపోవడం అంత తేలిగ్గా పోవు. ఆ సంగతి తనతో దాచకుండా మాట్లాడండి. వీలైతే చేరేముందే అనుమతి తీసుకుని ఒక రోజు ఆసుపత్రిలో సాయానికి పంపండి. ఖాళీ కడుపుతో వెళ్లనివ్వద్దు. తల తేలిపోతున్నట్టు అనిపించగానే కాళ్ల కండరాలు, పిడికిళ్లు గట్టిగా బిగించి వదులుతూ ఉండమనండి, బీపీ పడిపోకుండా ఆపుతుంది. అప్పటికీ తగ్గకపోతే మొహమాటపడకుండా కూర్చోమనండి, లేదా పడుకోమనండి.