200 కిలోల బండి, 54 కిలోమీటర్ల వేగం: గతిజశక్తి లెక్క నాకు ఎందుకు కలవట్లేదు?

మీ సూత్రం (½ × ద్రవ్యరాశి × వేగం వర్గం) సరిగ్గానే ఉంది. బండీ మనిషీ కలిపి 200 కిలోలు, వేగం గంటకు 54 కిలోమీటర్లు అని వేసి 2,91,600 తెచ్చారు, పుస్తకంలో 22,500 జౌల్స్ ఉందన్నారు. జౌల్స్‌లో రావాలంటే వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి, మీరు గంటకు కిలోమీటర్లలోనే వదిలేశారు, తేడా అక్కడే వచ్చింది. 54ని 3.6తో భాగిస్తే సెకనుకు 15 మీటర్లు. ½ × 200 × 15 × 15 = 22,500. నేనైతే తొమ్మిదో తరగతిలో ముందు వర్గం చేసేసి, తర్వాత 3.6తో ఒక్కసారే భాగించి, ఎందుకు కలవట్లేదా అని ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. అప్పుడు రెండుసార్లు భాగించాలి మరి!

వేగానికే వర్గం ఎందుకో నా బుర్రకెక్కింది మాత్రం కవిటి దగ్గర అమ్మమ్మ వాళ్ల కొబ్బరితోటలో. "సెట్టు కింద నిలబడకండర్రా, బుర్ర రెండు సెక్కలైపోద్ది" అని ఆవిడ రోజూ అరిచేది. బావి పక్కన 20 మీటర్ల పాత చెట్టు ఒకటుండేది (2018లో తిత్లీ తుపానుకి పోయింది). దాని మీంచి కిలోన్నర కాయ పడితే నేలను తాకేటప్పటికి వేగం సెకనుకు దాదాపు 19.8 మీటర్లు, శక్తి 294 జౌల్స్. అదే కాయ 10 మీటర్ల నుంచి పడితే శక్తి సరిగ్గా సగం, 147. వేగం మాత్రం సగం కాదు, 14. ఎందుకంటే 20 మీటర్లు పడటానికి కాయకి పట్టే రెండు సెకన్లలో దాదాపు 1.4 సెకన్లు పైసగం దాటడానికే పట్టేస్తుంది. కిందిసగం అప్పటికే పుంజుకున్న వేగంతో చిటికెలో దాటేస్తుంది, కొత్తగా వేగం కూడదీసుకునే వ్యవధి తక్కువ. శక్తి ఎత్తుని బట్టి పెరుగుతుంది, వేగం ఆ ఎత్తు వర్గమూలాన్ని బట్టి. తిప్పి చూస్తే వర్గం దానంతటదే వచ్చేస్తుంది. గాలి అడ్డుని లెక్కలోకి తీసుకోలేదు, కొబ్బరికాయకి అది పెద్ద విషయం కాదు.

జవాబు వచ్చాక నేను ఇప్పటికీ ఇలాగే సరిచూసుకుంటాను. మీ 22,500ని 200తో, 9.8తో (గురుత్వ త్వరణం) భాగించండి: పదకొండున్నర మీటర్లు. అంటే ఆ చెట్టు సగానికి కాస్త పైనుంచి బండిని మనిషితో సహా కింద పడేసినంత. మీ మొదటి జవాబుని ఇలాగే చేస్తే దాదాపు 149 మీటర్లు వస్తుంది, తప్పని అక్కడే తెలిసిపోతుంది.

అదే బండి పలాస దాటాక హైవే మీద 108లో పోతే ఎత్తు రెట్టింపు కాదు, నాలుగింతలు, 46 మీటర్లు. అంత పొడుగు కొబ్బరిచెట్టు మా ఉద్దానంలో నేను చూళ్లేదు.