పథ్యం సంగతి తరువాత, ముందు పిల్లవాడికి కడుపునిండా పెట్టండి

మీ ఐదేళ్ళ బాబుకు కాలేయ జబ్బు ఉన్నట్టు తేలిందని, మందులు ఏళ్ళ తరబడి వాడాలన్నారని, ఇంట్లో పథ్యం ఎలా చేయాలో ఇలాంటి పిల్లలను పెంచినవారు చెప్పమని అడిగారు. విజయవాడలోనే ఉంటామన్నారు కాబట్టి మీ చుట్టాలు ఈపాటికి ఏమి చెప్పి ఉంటారో ఊహించగలను. నూనె తగలనివ్వవద్దు, నెయ్యి ముట్టనివ్వవద్దు, పప్పు అరగదు, గుడ్డు వేడి చేస్తుంది, మజ్జిగన్నం మీద ఉంచితే జబ్బు అదే దిగిపోతుంది.

నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను. మన వైపు ఈ పిల్లలను జబ్బు కంటే పథ్యమే ఎక్కువ కుంగదీస్తోంది. లెక్కలు చూపమని అడగకండి. ఆస్పత్రి వరండాల్లో గంటల తరబడి కూర్చుని, పుల్లల్లాంటి చేతులతో ఉన్న పిల్లలను, వాళ్ళకు చప్పిడి ఇడ్లీ తినిపిస్తూ గర్వపడే నాయనమ్మలను చూసి చెబుతున్న మాట ఇది.

మా అమ్మాయికి పుట్టుకతోనే బిలియరీ అట్రీషియా, అంటే కాలేయంలో తయారయ్యే పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు. పుట్టి రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోతే, మలం పాలిపోయి తెల్లగా వస్తుంటే, ఉదయపు ఎండలో పడుకోబెట్టే సలహాలు కట్టిపెట్టి డైరెక్ట్ బిలిరుబిన్ అనే రక్తపరీక్ష చేయించాలి. ఈ జబ్బుకు మోరియో కసాయ్ అనే జపాన్ సర్జన్ 1950లలో రూపొందించిన ఆపరేషన్ ఉంది, పేగును నేరుగా కాలేయానికి కలుపుతారు. బిడ్డకు 60 రోజులు నిండకముందే చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది. మాకు ఆ గడువులోపే చెన్నైలో జరిగింది. ఇప్పుడు మూడో తరగతి. చెకప్‌కు వెళ్ళేటప్పుడు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్క సీటు ఎలా సంపాదించాలో దానికి నాకంటే బాగా తెలుసు.

పేగుల్లోకి పైత్యరసం సరిగా దిగని పిల్లలకు తిన్న కొవ్వు ఒంటబట్టదు. దానితోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. అందుకే వీళ్ళకు తోటి పిల్లలకంటే ఎక్కువ తిండి కావాలి. పైత్యరసంతో పెద్దగా పని లేకుండా రక్తంలోకి వెళ్ళే ఎంసీటీ నూనె అని ఒకటి ఉంది, డాక్టరు రాసిస్తారు. ఆ రకం కొవ్వు కొంత కొబ్బరినూనెలోనూ ఉంటుందని మా ఇంట్లో కూరల్లో అదీ వాడతాను. తలకు రాసుకునే నూనె అన్నంలో పోస్తున్నానని వీధంతా చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి.

ఇక పసరు సంగతి. గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దత్తయ్యగారింటికి వెళ్ళినప్పుడు, మాకు చెప్పకుండా ఆవిడ ఒక నాటువైద్యుణ్ణి పిలిపించారు. ముక్కులో పసరు పిండుతానంటే నేను ఒప్పుకోలేదు. ‘సరే, చేతులైనా కడుగుతాను, కామెర్లు నీళ్ళలోకి దిగడం మీరే చూద్దురుగాని’ అన్నాడు. ఏదో బెరడు రసం పిల్ల అరచేతులకు పట్టించి, ఇత్తడి పళ్ళెంలో సున్నపు తేట పోసి కడిగాడు. నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. పెద్దత్తయ్య చెంపలు వేసుకున్నారు. అప్పుడు మా అమ్మాయి, ‘తాతగారూ, బాబాయికి కూడా కడగండి’ అంది. ఆయన వద్దన్నా మా మరిది సరదాగా చేతులు చాచాడు. వాడికి జన్మలో కామెర్లు రాలేదు. రసం పూసి కడిగారు, నీళ్ళు అంతకంటే చిక్కటి పసుపు. రసానికి సున్నం తగిలితే వచ్చే రంగు అది, కాలేయంతో దానికి సంబంధమే లేదని నేను చెప్పబోయేలోపే పెద్దత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ‘అయ్యో నాయనా, నీకూ లోపల ముదిరిందిరా!’ ఆ రోజు గోంగూర, మాంసం వండారు. మా మరిదికి మాత్రం పెరుగన్నం వడ్డించారు. మా అమ్మాయి వాడి ఎదురుగా కూర్చుని రెండుసార్లు వడ్డించుకుని తింది.

పసరుతో తగ్గినవాళ్ళు లేరా అంటారు. ఉన్నారు. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, పేరు పసరుకు పోతుంది. పిత్తనాళం మూసుకుపోయిన బిడ్డకు అలా తగ్గదు, పసరు కోసం తిరిగిన రోజులు ఆపరేషన్ గడువులోంచి పోతాయి. నాటువైద్యుడికి ఈ తేడాతో పని లేదు.

అన్నట్టు, పెట్టమన్నాను కదా అని అన్నీ పెట్టకండి. మీ బాబుది ఏ జబ్బో మీరు రాయలేదు. రాగి పేరుకునే విల్సన్ జబ్బయితే జీడిపప్పు, చాక్లెట్, రొయ్యలు, మేక కాలేయం తగ్గించాలి. ఆరోగ్యం పేరుతో ఇంటింటా పెట్టుకుంటున్న రాగి బిందె నీళ్ళు అసలే వద్దు. కాలేయంలో దాచుకున్న చక్కెరను ఒళ్ళు సరిగా వాడుకోలేని గ్లైకోజన్ నిల్వ జబ్బయితే పస్తు ఉంచడమే ప్రమాదం. అలాంటి పిల్లల్లో చాలామందికి రాత్రి కూడా ఉడికించని మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌స్టార్చ్) నీళ్ళలో కలిపి తాగిస్తారు. కాబట్టి డాక్టరును అడగవలసింది ‘ఏమి మానిపించాలి’ అని కాదు, ‘రోజుకు ఎంత తినాలి’ అని. మానిపించాల్సినవి ఉంటే ఆయనే చెబుతారు.

బడి వాళ్ళతో నాకు వేరే యుద్ధం. కసాయ్ ఆపరేషన్ అయిన పిల్లలకు జ్వరం వస్తే అది పిత్తనాళాల ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఈ సంగతి కాగితం మీద రాసి ఇచ్చినా, మా అమ్మాయి పాత బడిలో జ్వరం మందు పట్టించి చివరి బెంచీలో పడుకోబెట్టి సాయంత్రం చెప్పారు. ప్లీహం (స్ప్లీన్) పెద్దదైంది, పొట్టకు దెబ్బ తగలకూడదు అంటే ఆటల పీరియడ్ మొత్తం తరగతి గదిలో కూర్చోబెట్టారు. కబడ్డీ వద్దంటే పరుగు కూడా వద్దనా? బడి మార్చాం.

చివరగా, బరువు చూసి సంబరపడకండి. కాలేయం, ప్లీహం పెరిగినా, పొట్టలో నీరు చేరినా కాటా ఎక్కువే చూపిస్తుంది. పిల్లవాడికి తిండి ఒంటబడుతోందో లేదో భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత మెరుగ్గా చెబుతుంది. ప్రతి చెకప్‌లో అది కొలిచి రాయమనండి. ఇంట్లో చూసుకోవడానికి కుట్టుమిషన్ దగ్గరి టేపు చాలు, ప్రతిసారీ ఒకే చేతిని, ఒకే చోట కొలవండి.